మాఫీ చప్పుడు

1. శుద్ధ విదియ

ఇది రాయకుండానే గడిపేద్దామనుకున్నాను. మాఫీ ఉన్న ప్రతి ఇంటివారూ చప్పుడు పుస్తకం రాయాలని వినికిడి కచేరీ రూలు. అయితే ఆ పుస్తకాన్ని ఇంతవరకూ ఎవరూ చదివిన పాపాన పోలేదు. పోయినేడాది నేను నలభై పేజీలూ గుత్తి వంకాయ కూర గురించి రాసి ఇచ్చాను. గుమాస్తా ప్రతి పేజీకీ ముద్ర కొట్టి తిరిగిచ్చాడు.

ఇవాళ నోటీసు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తాను: “కరకట్ట ఇల్లు 212. పేరి నాంచారయ్య. చేపల తొట్టె, వడపోత మోటారు. మాఫీ అయిదు గీతలు. ప్రస్తుతం ఆరు. పౌర్ణమిలోగా దించనియెడల తొట్టె తొలగించబడును.”

మా పడకగది గోడకు అవతల నాలుగు మూరల కాంక్రీటు, దానికవతల సముద్రం. కరకట్ట లోపల ఇళ్ళు కట్టినవాళ్ళు మాకు అద్దె అడగరు, నిశ్శబ్దం అడుగుతారు. గోడ పగలబోయే ముందు సన్నగా మూలుగుతుంది. అది వినడానికి ఇంటికో పెట్టె పెట్టారు. మూడు గీతలు దాటితే గంట మోగుతుంది, ఇంజనీర్లు పరుగెత్తుకొస్తారు. మా తొట్టెకు మాత్రం అయిదు గీతల దాకా మాఫీ. ఈ స్థాయి హోరు 212 నుంచి వస్తే అది చేపల తొట్టె, గంట కొట్టవద్దు అని పెట్టెకు చెప్పి పెట్టారు. అయిదు దాటినా తొట్టె మీద నోటీసే వస్తుంది గానీ గంట మోగదు. మా పైన, కింద, అటూ ఇటూ ఉన్న పెట్టెలకు కూడా అదే చెప్పారు. ముప్పై ఒక్కేళ్ళు ఇదే గోడను కర్రతో విన్న ముసలివాడినని, ఆ పాత ఉద్యోగం మీది గౌరవంతో ఇచ్చారు. ఇప్పించుకున్నది నేనే. అర్జీ కూడా నేనే రాశాను, మంచి దస్తూరీతో.

తొట్టెలో ఏడు చేదుపరిగెలున్నాయి. బొటనవేలంత ఉంటాయి, వెండి ఒళ్ళు, తోక దగ్గర నల్ల చుక్క. పులుసుకు కూడా చాలవు. ఊళ్ళో చివరి మంచినీటి కాలువ ఉప్పయిన వారంలో మా ఆవిడ బుల్లెమ్మ మోకాళ్ళ లోతు దిగి, అన్నం క్యారియరుతో తోడుకొచ్చిన చేపలకు ఇవి మునిమనవలు. ఇప్పుడు తీపి నీళ్ళ చేప అంటే ఈ ఏడే.

2. చవితి

మోటారు విప్పాను. డబ్బా లోపల చిన్న ఫంకా ఉంటుంది, చిటికెన వేలి గోరంత రెక్కలు. అందులో ఒక నత్త ఇరుక్కుని ఉంది. ఆరునెలలుగా గానుగెద్దులా తిరుగుతున్నట్టుంది పాపం. తీసేశాను. స్పాంజి కడిగాను. పైపులో గాలి బుడగ చిక్కుకుంటే మోటారు గొంతులో గురగుర వస్తుంది. డబ్బాను అటూ ఇటూ వంచి, పసిపిల్లకు త్రేన్పు వచ్చేలా తట్టినట్టు తట్టి, గాలి పోగొట్టాను. నీళ్ళు తొట్టెలోకి పడేచోట జారుడు బల్లలా రేకు ముక్క కట్టాను. చుక్క చప్పుడు పోయింది.

పెట్టె చూశాను. ఆరు.

పై ఇంటి రహమతున్నీసా గారు దిగివచ్చారు. బడిపంతులమ్మగా రిటైరయ్యారు. ఎనభై మంది పిల్లలకు గుసగుసలతో ఎక్కాలు నేర్పిన మనిషి. ఫిర్యాదు రాసింది ఆవిడే. రాసినట్టు తనే చెప్పింది.

“మీ మోటారు నా మంచం కోళ్ళలోంచి ఎక్కి వస్తోంది నాంచారయ్య గారూ. దిండు కింద ఎవరో సణుగుతున్నట్టుంది. మా ఆయన పోయాక మళ్ళీ ఆ గొడవ మొదలైందా అని లేచి కూర్చున్నాను.”

“నత్తను తీశానండి టీచరు గారూ. ఇక తగ్గుతుంది.”

“నత్త ఇంత గోల చేసిందా?”

“ఇరుక్కుంటే ఎవరైనా చేస్తారు.”

ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక్కడ అందరూ అలాగే నవ్వుతారు.

3. షష్ఠి

రబ్బరు చెప్పుల అట్ట కోసి డబ్బా కింద నాలుగు పొరలు వేశాను. తరవాత అది కూడా ఎందుకని, డబ్బాను నేలకూ గోడకూ తగలకుండా పాత నవారుతో దూలానికి ఉయ్యాలలా వేలాడదీశాను. చప్పుడు గాలిలో కంటే గట్టి వస్తువులో ఎక్కువ దూరం పోతుంది. ఈ సంగతి నేను ఒక బజ్జీల పొట్లంలో చదివాను. నా చదువంతా పొట్లాల మీద సాగింది. అందుకే నాకు చాలా విషయాలు సగం వరకే తెలుసు. శబ్దవేగం తెలుసు గానీ అది నీళ్ళలో ఎందుకు పెరుగుతుందో తెలియదు. అక్కడ కాగితానికి నూనె పట్టింది.

తొట్టె కింద చెమ్మ కనబడింది. బుల్లెమ్మ వేలు అద్ది నాలుక మీద పెట్టుకుంది. గోడలో పుట్టి పెరిగిన ఎవరైనా తడి చూస్తే ముందు చేసే పని అదే. తియ్యగా ఉంటే ఇంటి నీళ్ళు, ఉప్పగా ఉంటే ఊరు ఖాళీ చెయ్యాలి. నాకు పని నేర్పిన పీరయ్య మేస్త్రి రోజుకు ఇరవై గోడలు నాకేవాడు. సాయంత్రానికి మజ్జిగ కూడా సహించేది కాదు.

“తీపే,” అంది బుల్లెమ్మ. “నీ డబ్బా కారతంది. వాషరు మార్చు.”

బుల్లెమ్మ ముప్పై ఏళ్ళు పంపుహౌసులో చేసింది. చెవులు అక్కడే వదిలేసి వచ్చింది. వినబడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. అందుకని కంఠం మీద రెండు వేళ్ళు పెట్టుకుని, వణుకు ఎక్కువ కాకుండా చూసుకుంటూ మాట్లాడుతుంది. నేను పలక మీద రాస్తాను. మిగతా పొద్దంతా ఆవిడ అరచెయ్యి తొట్టె అద్దం మీద ఉంటుంది. చేప మలుపు తిరిగితే అద్దం చెబుతుందట. ఏడింటినీ అలా విడివిడిగా గుర్తుపడుతుంది. గోడలో అందరూ పెదవులు కదపకుండా మాట్లాడేసరికి, ఆవిడతో మాట్లాడేవి ఇవే మిగిలాయి.

4. అష్టమి

నాలుగు గీతలు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నాలుగే.

నవారు పనిచేసింది. బుల్లెమ్మ పాయసం చేసింది. జీడిపప్పు లేదు గానీ ఉందన్నట్టే తిన్నాం. టీచరు గారికి గిన్నెడు పంపితే, “నిన్న హాయిగా పడుకున్నాను, ఇక మీ నత్తకు నా సలాములు” అని చీటీ వచ్చింది.

సంతోషంలో మా పెళ్ళి గుర్తొచ్చింది. కరకట్టలో మొదటి పెళ్ళి మాది. సన్నాయి మేళం వచ్చింది, రూలు ప్రకారం ఊదకుండా వేళ్ళు మాత్రం ఆడించారు. డోలు ఆయన చర్మానికి వేలెడు దూరంలో చేతులు ఆడించాడు. తాళి కట్టే వేళకు గట్టిమేళం అని పురోహితుడు సైగ చేస్తే, పాపం అందరూ చెమటలు పట్టేలా ఆడించారు. మా మామ మాత్రం మేళం బాగా కుదరలేదని చివరిదాకా అలిగే ఉన్నాడు.

5. ఏకాదశి

అయిదు గీతలు.

మోటారు మళ్ళీ విప్పాను. ఫంకా తిరిగే ఇరుసు అరిగి ఉంది. గాజు కడ్డీని సానపట్టి కొత్త ఇరుసు చేశాను. రెండు రోజుల పని అది. ఇప్పుడు డబ్బాకు చెవి ఆనించినా నాకు వినబడటం లేదు. పెట్టె మాత్రం అయిదు దగ్గరే ఉంది. సాయంత్రం పోటుకు అయిదున్నర.

పౌర్ణమి నాలుగు రోజుల్లో ఉంది. నాకు ఇంకేం తోచడం లేదు. మోటారును దుప్పట్లో చుట్టాను. వేడెక్కింది. తీసేశాను.

6. ద్వాదశి

మధ్యాహ్నం మోటారు పూర్తిగా ఆపి, తీగ ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ రెక్కలు చూస్తున్నాను. బుల్లెమ్మ అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, అలవాటుగా అద్దం మీద చెయ్యి పెట్టింది. తీసి తొట్టె వెనక గోడ మీద పెట్టింది.

“ఏవయ్యా, మోటారు ఆపలేదేంటి?”

నేను మోటారు ఎత్తి చూపించాను.

ఆవిడ దాన్ని చూసింది. రెండో చెయ్యి కూడా గోడ మీద పెట్టింది.

“మరి ఇదేంటి?”

అటక మీద నుంచి నా టేకు కర్ర దించాను. పదకొండేళ్ళయింది దాన్ని ముట్టుకుని. పెట్టెలు వచ్చాక మమ్మల్ని ఇంటికి పంపేశారు, కర్రలు మాత్రం జ్ఞాపకంగా ఉంచుకోమన్నారు. ఒక కొన గోడకు ఆనించి రెండో కొన పళ్ళతో పట్టుకున్నాను. ఉన్న నాలుగు పళ్ళూ చాలాయి. ఆరోగ్యంగా ఉన్న గోడ నిద్రపోయే గేదెలా ఊపిరి తీస్తుంది. ఇది అలా లేదు. ఎవరో లోపల సన్నటి తీగను ఆగకుండా లాగుతున్నట్టుంది. దాని కింద, వేలి మందాన, నీళ్ళు తిరుగుతున్నాయి.

విదియ నాడు ఆరు, అష్టమికి నాలుగు, ఇప్పుడు మళ్ళీ పెరుగుతోంది. అష్టమికి సముద్రం మెత్తబడుతుందని, అమావాస్యకూ పౌర్ణమికీ పోటు మీద ఉంటుందని ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నేను నవారుకు దండం పెట్టి పాయసం తిన్నాను. ముప్పై ఒక్కేళ్ళు గోడను విన్నవాణ్ణి, పది రోజులు మోటారు విన్నాను.

మోటారు లేకుండా పెట్టె: అయిదు గీతలు. గంట మోగలేదు. అయిదు దాకా మాఫీ ఉంది.

7. త్రయోదశి

పొద్దున్నే కచేరీకి కబురు చేశాను. ఎస్తేరు వచ్చింది. మా వరస ఇళ్ళకు ఆ అమ్మాయే ఆఫీసరు. మర్యాదస్తురాలు, గుమ్మంలోనే బూట్లు విప్పి మేజోళ్ళతో వస్తుంది. గోడ మూలుగుతోందని చెప్పాను.

“మీ మోటారు అండి తాతగారూ.”

“మోటారు ఇదిగో.” తీగతో సహా ఆమె చేతిలో పెట్టాను. “ఇప్పుడు విను.”

ఆ అమ్మాయి గోడకు చెవి ఆనించింది. ఎప్పుడూ చేయని పని కాబట్టి ముందు నుదురు ఆనించింది, తర్వాత చెవి. చాలాసేపు విన్నది.

“మీ తొట్టె చప్పుడేనండి. పోయినేడు వచ్చినప్పుడు కూడా ఈ గదిలో విన్నాను కదా. ఇదే.”

“తొట్టె ఆగి ఉందమ్మా. నీ చేతిలో ఉంది.”

ఆమె చేతిలోకి చూసుకుంది, పెట్టె వంక చూసింది. “అయిదు గీతలు. మాఫీ లోపలే ఉందండి. ఇంజనీర్లను పిలవాలంటే గంట మోగిన నంబరు వెయ్యాలి. గంట మోగలేదు కదా, ఆ గడిలో నేనేం రాయను?”

“ముసలాడు విన్నాడని రాయి.”

“దానికి గడి లేదండి.”

ఎగతాళి లేదు ఆమె మాటలో. నిజంగానే బాధపడింది. నవారు, చెప్పుల అట్టలు, రేకు జారుడు, గాజు ఇరుసు అన్నీ వంగి చూసింది. తొట్టెలో పరిగెలకు వేలు చూపించి ఆడించింది. మోటారు లేక అవి అప్పటికే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. బుల్లెమ్మ గిన్నెతో నీళ్ళు ఎత్తి పోస్తోంది.

“తాతగారూ, ఒక పని చేస్తాను. ఇంత కష్టపడ్డారని రాసి, మీ పాత ఉద్యోగం చూపించి, మాఫీ ఏడు గీతలకు పెంచమంటాను. మా పైఆఫీసరు ఒప్పుకుంటారు, మీరంటే ఆయనకు గౌరవం. నోటీసు కొట్టేస్తారు. చేపలు మీ దగ్గరే ఉంటాయి. సరేనా?”

సరేనంటే మోటారు తిరుగుతుంది, బుల్లెమ్మ చేతికి ఏడు చేపలు తగులుతాయి, గోడ ఏడు గీతల దాకా మూలిగినా ఎవరికీ గంట మోగదు.

“మాఫీ రద్దు చేస్తే?” అన్నాను.

“రద్దు చేస్తే మూడు దాటగానే గంటేనండి. కానీ రద్దు కావాలంటే తొట్టె, మోటారు ఇంట్లో ఉండకూడదు. మేమే పట్టుకెళ్ళాలి.”

రేపు చెబుతానన్నాను.

8. చతుర్దశి

పలక మీద అంతా రాశాను. రెండు సార్లు చెరిపి రాయాల్సి వచ్చింది, పలక చాలలేదు. బుల్లెమ్మ చదివి, పలక తుడిచి, తిరిగి నాకిచ్చింది.

“నీకు నిజంగా వినబడిందా? లేక మళ్ళీ కర్ర పట్టుకోవాలని సరదానా?”

నీ చేతికి తగలలేదా అని రాశాను.

“తగిలింది. అందుకే అడుగుతున్నా. నాకు తగిలింది అబద్ధమని నువ్వంటే నమ్ముదామని.”

నేను పలక పక్కన పెట్టాను. ఆవిడ కంఠం మీది వేళ్ళు తీసేసి మాట్లాడింది. పెట్టెలో ముల్లు ఎగిరిపడింది.

“పైనావిడ ఉంది, కిందింట్లో పురిటి పిల్ల ఉంది. పట్టుకెళ్ళమను.”

టీచరు గారు ఆ మాట పైనుంచి విని దిగివచ్చింది. సంగతి చెప్పాక మెట్టు మీద కూర్చుంది.

“ఫిర్యాదు నేనే రాశానే. గోడ మీద రాయాల్సింది మీ మీద రాశానా?” అంది. తరవాత, “నా తాగే నీళ్ళ కూజా పెద్దది. మూతి వెడల్పు. కొన్నిటిని నాకివ్వండి. కూజాలో చప్పుడేం ఉండదు” అంది.

9. పౌర్ణమి

తొట్టె పట్టుకెళ్ళారు. ఇద్దరు మనుషులు మేజోళ్ళతో వచ్చి, నీళ్ళు తొట్టెలోంచి గుడ్డ పైపుతో చప్పుడు కాకుండా లాగేసి, అద్దాలు దుప్పటిలో చుట్టి తీసుకెళ్ళారు. నవారు కూడా పట్టుకెళ్ళారు, జాబితాలో రాశారట. నాలుగు పరిగెలు టీచరు గారి కూజాలోకి, మూడు మా ఇత్తడి బిందెలోకి వెళ్ళాయి. నీళ్ళు పారక, గాలి కలవక, ఎన్నాళ్ళుంటాయో నాకు తెలుసు. ఆ పొట్లం నూనె పట్టనిది.

ఎస్తేరు మాఫీ కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, నా చేత సంతకం పెట్టించి, పెట్టె వెనక ఒక మీట నొక్కింది. ముల్లు సున్నా మీద పడింది.

గంట కోసం చూశాను. బయట పున్నమి పోటు. కర్ర అక్కర్లేకుండానే గోడ నా మోకాళ్ళకు తెలుస్తోంది. ముల్లు సున్నా దగ్గరే ఉంది.

“మోగదేం?”

“పక్షం రోజులు నేర్చుకుంటుందండి,” అంది ఎస్తేరు. “తొట్టె పోయింది కదా, ఇప్పుడు ఈ అయిదు పెట్టెలూ మీ ఇంటి కొత్త నిశ్శబ్దం ఎలా ఉంటుందో మొదటినుంచి వింటాయి. అమావాస్య దాకా ఏం వినబడినా అదే ఈ ఇంటి సున్నా. ఆ పైన పెరిగితే మోగుతుంది.”

“ఇప్పుడు గోడ మూలుగుతోందమ్మా. ఆ మూలుగే నిశ్శబ్దం అని నేర్చుకుంటుందిగా.”

ఆమె ఇల్లంతా చూసింది. మంచం, బిందె, పలక, తొట్టె ఉన్నచోట తెల్లటి చతురస్రం.

“మీ ఇంట్లో ఇప్పుడు చప్పుడు చేసేది ఏం లేదు కదండీ,” అంది.

10. బహుళ షష్ఠి

మూడు రోజులు కచేరీ మెట్ల మీద కూర్చున్నాను. పైఆఫీసరు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, తను పనిలో చేరిన కొత్తలో పీరయ్య మేస్త్రి తన చెవి పట్టుకుని గోడకు ఆనించిన కథ చెప్పాడు. నా అర్జీ చదివాడు. మాఫీ లేని ఇంటి గురించి అర్జీ పెట్టే పద్ధతి లేదన్నాడు. మాఫీ ఉన్నప్పుడు రావాల్సిందన్నాడు. కచేరీ గోడ మీద నా ఫొటో ఇంకా ఉంది, కర్రతో. చూపించాడు.

బిందెలో మూడూ పోయాయి. మొదటిది తదియ నాడు, రెండు నిన్న. బుల్లెమ్మ అయిదు రోజులు గిన్నెతో ఎత్తి పోస్తూనే ఉంది, నేను మార్చుకుంటానంటే ఒప్పుకోలేదు. ముంజేతులు వాచాయి.

కూజాలోవి ఎలా ఉన్నాయని టీచరు గారికి సైగ చేశాను. ఆవిడ బుల్లెమ్మ వంక చూసి, నా వంక చూసి, బాగున్నాయని బుల్లెమ్మకు చేత్తో చెప్పింది. బుల్లెమ్మ తల ఊపింది. పైకి వెళ్ళి చూస్తాననలేదు.

11. బహుళ ద్వాదశి

వరసలో పద్నాలుగు ఇళ్ళు తిరిగాను, కర్ర పట్టుకుని. ముగ్గురు వినడానికి ఒప్పుకున్నారు. ఒకాయనకు పళ్ళు లేవు. ఒకామె విన్నది, ముఖం మారింది. “వినబడింది బాబాయ్. వినబడి ఏం చెయ్యమంటావు? సముద్రానికి దూరంగా లోపలి ఊళ్ళల్లో చోటు లేదని మా అన్నను రెండుసార్లు తిప్పి పంపారు. గంట మోగిందన్న కాగితం ఉంటేనే రానిస్తారు” అంది. కర్ర తుడిచి ఇచ్చింది. మూడో ఆయన, పెట్టె సున్నా మీద ఉండగా ఇలాంటి మాటలు మాట్లాడితే పురిటి వాళ్ళు భయపడతారని మెల్లగా నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చి దింపాడు.

కిందింటి పురిటి పిల్ల పేరు కుందన. నాలుగు వారాలది. ఏడవకుండా పెంచుతున్నారు.

12. అమావాస్య

పొద్దున ఎస్తేరు వచ్చింది. పెట్టె నేర్చుకోవడం పూర్తయింది. ముల్లు సున్నా మీద నిలకడగా ఉంది. కరకట్ట మొత్తంలో అంత నిలకడైన ముల్లు తను చూడలేదంది. గుమ్మం పక్కన అంటించడానికి పచ్చరంగు కాగితం తెచ్చింది. నిశ్శబ్ద గృహం అని, కింద నా పేరు, ముద్ర. కాగితం ముడతలు పడకుండా అరచేత్తో రుద్ది అంటించింది. అలా రుద్దుతున్నప్పుడు ఒక క్షణం ఆమె చెయ్యి గోడ మీద ఆగింది. తరవాత బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది.

ఈ పుస్తకం మాఫీ ఇళ్ళవాళ్ళకే కాబట్టి ఇవాళ్టితో అప్పగించాలి. సాయంత్రం పోటు వేళకు గుమాస్తా వస్తాడు.

తొట్టె ఉన్నచోట నేల చెమ్మగా ఉంది. బుల్లెమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. వేలు అద్ది నాలుక మీద పెట్టుకుంది. గుడ్డను బకెట్లో పిండి, మళ్ళీ తుడిచింది.